అక్కడి చేతులతో సర్దుకోవాలి

హిమాలయాల్లో 6,000 మీటర్లు దాటిన శిఖరానికి తొలిసారి బయలుదేరుతున్న యువతీయువకులకు, వారి తల్లిదండ్రులకు విజయవాడలో ఒక మే నెల సాయంత్రం చేసిన ప్రసంగానికి ఇది అక్షర రూపం.

పెద్దలకు, తల్లిదండ్రులకు, మరికొన్ని వారాల్లో లదాఖ్ ప్రయాణం కట్టబోతున్న మీ అందరికీ నమస్కారం.

హాలులోకి వస్తుంటే గుమ్మం దగ్గరే మీలో నలుగురైదుగురు నన్ను ఆపి ఒకటే మాట అడిగారు: "సార్, తీసుకెళ్లాల్సిన వస్తువుల జాబితా ఇస్తారా?" ఇస్తాను. అది ఒక్క కాగితానికి సరిపోతుంది, వెళ్లేటప్పుడు బల్ల మీద నుంచి తలా ఒకటి తీసుకోండి. కానీ జాబితా చదవడానికైతే నేను ఇంత ఎండలో బెంజిసర్కిల్ దాటి రానక్కరలేదు. నేను చూసినంతలో, కొండ మీద వస్తువు లేక కష్టపడ్డవారు తక్కువ. వస్తువు సంచిలోనే ఉండి, అవసరమైన క్షణంలో చేతికి అందక, అందినా వాడలేక కష్టపడ్డవారే ఎక్కువ. అందుకని ఈ సాయంత్రం ఏమేమి కొనాలన్నదాని కంటే, కొన్నవాటిని ఎలా సర్దుకోవాలన్నదే ఎక్కువగా మాట్లాడతాను.

1950 జూన్ 3న మోరిస్ హెర్జోగ్, లూయీ లాషెనాల్ అనే ఇద్దరు ఫ్రెంచివారు నేపాల్‌లోని అన్నపూర్ణ శిఖరం ఎక్కారు. దాని ఎత్తు 8,091 మీటర్లు. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాల్లో మనిషి మొట్టమొదట అడుగుపెట్టింది దాని మీదే. దిగి వస్తూ హెర్జోగ్ ఒకచోట ఆగి, వీపు మీది సంచి విప్పడానికి గ్లౌజులు తీసి మంచు మీద పెట్టాడు. ఏటవాలు కదా, అవి అతని కళ్లముందే జారి లోయలోకి వెళ్లిపోయాయి. మీరు గుర్తుంచుకోవాల్సింది ఆ తర్వాతి సంగతి. అతని సంచిలో అదనపు మేజోళ్ల జత ఉంది. ఇలాంటి ఆపద వస్తే చేతులకు తొడుక్కోవచ్చని వెంట తెచ్చుకున్నదే అది. ఆ క్షణంలో ఆ సంగతి అతనికి తట్టనే లేదు. ఉత్త చేతులతో దిగాడు. చేతివేళ్లు, కాలివేళ్లు పోగొట్టుకుని ఇంటికి చేరాడు.

మేజోళ్లు మరిచిపోయి బయలుదేరిన మనిషి కాదు హెర్జోగ్. అవి అతని వీపు మీదే ఉన్నాయి. ఆ ఎత్తులో బుద్ధి పనిచేయలేదు, అంతే. 5,500 మీటర్ల దగ్గరే గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సగానికి పడిపోతుంది, ఊపిరికి అందే ప్రాణవాయువూ ఆ మేరకు తగ్గుతుంది. అన్నం సయించదు, నిద్ర పట్టదు, బూటు లేసు కట్టుకుని పది నిమిషాలు ఆయాసపడతాం. వేళ్లు మొద్దుబారి ఉంటాయి. సంచి ముందు కూర్చుని దేనికోసం తెరిచామో మరిచిపోతాం, ఇది నాకు ఒకసారి కాదు, అనేకసార్లు జరిగింది. విజయవాడలో మంచం మీద సామాను పరుచుకుని, ఫ్యాను కింద కాఫీ తాగుతూ సర్దేవి ఇక్కడి చేతులు. ఆ సంచిని రాత్రి ఒంటిగంటకు, చీకట్లో, ఊగిపోతున్న టెంటులో విప్పేవి అక్కడి చేతులు. మీ సంచిని ఆ రెండో చేతుల కోసం సర్దుకోండి.

ముందుగా బట్టల సంగతి చెబుతాను. మనం నూలు మీద పెరిగినవాళ్లం. మంగళగిరి చేనేత మన పక్కనే ఉంది, ఈ ఎండలకు ఒంటికి నూలు తప్ప మరొకటి పడదు కూడా. ఏ గుణం వల్ల నూలు ఇక్కడ మనకు ప్రాణమో, ఆ గుణమే అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. నూలు చెమటను పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాక్కుపోతుంది కనుక, తడిసిన బనియను వేసుకుని గాలిలో నిలబడ్డవాడు తన ఒంటి వేడిని తానే బయటికి తోడి పోస్తున్నట్టు. లోదుస్తులతో సహా ఒంటికి తగిలేదేదీ నూలుది ఉండకూడదు. మెరీనో ఉన్ని గానీ, చెమటను బయటికి పంపే సింథటిక్ గానీ ఉండాలి. దాని పైన ఫ్లీస్ అనే మెత్తని, వెచ్చని సింథటిక్ పొర, ఆపైన శిక్షణ సంస్థలవారు ఫెదర్ జాకెట్ అని పిలిచే బాతు నూగు జాకెట్, అన్నింటికీ పైన గాలినీ మంచునూ ఆపే పలుచని విండ్‌ప్రూఫ్.

ఒకే మందపాటి కోటు కొనుక్కుంటే సరిపోదా అని ఒక తండ్రి ఫోనులో అడిగారు. సరిపోదండీ. పగలు మంచు మైదానంలో గాలి ఆగి ఎండ కాస్తే చొక్కాతోనే చెమటలు పడతాయి, మబ్బు కమ్మిన పావుగంటకే పళ్లు టకటకలాడతాయి. గాలి లేనప్పుడు మైనస్ 20 డిగ్రీల చలి ఉందనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల గాలి తోడైతే తెరిచి ఉన్న చర్మానికి అది మైనస్ 34 డిగ్రీల చలితో సమానం. పొరలుగా ఉంటే చెమట పట్టకముందే ఒకటి విప్పుతాం, వణుకు రాకముందే ఒకటి వేస్తాం. అయితే అలా చేయాలంటే ఆ పొర సంచిలో పైనే ఉండాలి. అడుగున ఉన్న ఫెదర్ జాకెట్ కోసం గాలిలో సంచి మొత్తం కుమ్మరించాలంటే బద్ధకం వేస్తుంది. 'కాసేపు చూద్దాంలే' అనుకుంటాం. ఆ కాసేపట్లోనే ఒళ్లు చల్లబడిపోతుంది.

మన ఊళ్లవారికి ఇంకో చిక్కుంది. కొన్న జాకెట్ పనికొస్తుందో లేదో చూసుకోవడానికి మనకు చలి ఎక్కడిది? చాలా ఏళ్ల కిందట నేను ఒక పరిష్కారం కనిపెట్టాననుకుని, గుంటూరు దగ్గర మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీ ఉన్న స్నేహితుణ్ణి బతిమాలి, జాకెట్, గ్లౌజులు, బూట్లు వేసుకుని లోపల గంటసేపు కూర్చున్నాను. చలి సున్నాకు పైనే ఉంది కనుక జాకెట్‌కు అది పరీక్షే కాలేదు. ఘాటుకు నాకు మాత్రం ఆగని దగ్గు వచ్చింది. ఆ జాకెట్ మూడు నెలలదాకా మిరపకాయ వాసన వేసింది, బేస్ క్యాంపులో వంటమనిషి నన్ను చూసినప్పుడల్లా తుమ్మేవాడు. కానీ ఆ గంటలోనే ఒక సంగతి బయటపడింది. గ్లౌజులు వేసుకున్న చేత్తో జాకెట్ జిప్పు దొరకడం లేదు. ఆ చిన్న ఇనుప నాలుక వేళ్ల మధ్యకు రావడం లేదు. ఆ రాత్రే ఇంట్లో ఉన్న ప్రతి జిప్పుకూ వేలెడు పొడుగు తాడు ముక్క కట్టాను. మీరూ కట్టండి. జాకెట్ జేబులకు, టెంటుకు, స్లీపింగ్ బ్యాగుకు, వీపున మోసే రక్‌శాక్ పై మూతకు కూడా. పది రూపాయల ఖర్చు. జాకెట్ వెచ్చదనాన్ని విజయవాడలో పరీక్షించలేం కానీ, దాన్ని ఎంత తేలిగ్గా వేసుకోగలం, విప్పగలం అన్నది ఏ డాబా మీదైనా పరీక్షించవచ్చు. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

చేతుల గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మిగిలిన పనులన్నీ చేయాల్సింది అవే. చేతికి మూడు పొరలు ఉండాలి. లోపల పలుచని ఉన్ని గ్లౌజులు, వాటిపై తాడు పట్టుకుని పనిచేయడానికి గాలి చొరబడని గ్లౌజులు, చలి ముదిరినప్పుడు వేళ్లన్నీ ఒకే అరలో ఒకదానికొకటి వెచ్చదనం ఇచ్చుకునే మిట్టెన్లు. పలుచని గ్లౌజులు రెండు జతలు పెట్టుకోండి, ఎక్కేటప్పుడు చెమటకు ఒక జత తప్పకుండా తడుస్తుంది. ఎంత ఇబ్బందైనా ఉత్త చేత్తో ఇనుప సామాను ముట్టకుండా కాపాడేవి కూడా అవే. మిట్టెన్లకు మణికట్టు చుట్టూ ఉండే సాగే తాడు తప్పనిసరి. చిన్నపిల్లల మెడలో తాడు వేసి రెండు గ్లౌజులూ వేలాడదీసినట్టు ఉంటుందని కుర్రవాళ్లు నామోషీ పడతారు. హెర్జోగ్ మిట్టెన్లకు అలాంటి తాడు ఉండి ఉంటే అతని చేతులు ఏమై ఉండేవో ఆలోచించుకోండి.

ఇక అదనపు మిట్టెన్ల జత. అది ఎక్కడ ఉండాలి? సంచిలో అనకండి. జాకెట్ లోపలి జేబులో, ఛాతీకి ఆనుకుని ఉండాలి. అక్కడైతే తీసే సమయానికి వెచ్చగా ఉంటుంది, వెతకాల్సిన పనిలేదు, గుర్తు తెచ్చుకోవాల్సిన పని అంతకంటే లేదు. ఛాతీ మీద ఉబ్బెత్తుగా తగులుతూ తన ఉనికిని తానే చెబుతుంది. బుద్ధి పనిచేయని చోట వస్తువు తనను తానే గుర్తుచేసేలా సర్దుకోవడం అంటే ఇదే.

బూట్ల దగ్గర డబ్బు పొదుపు చేయవద్దని తల్లిదండ్రులను చేతులు జోడించి అడుగుతున్నాను. జాకెట్ అద్దెకు తెచ్చుకోవచ్చు, స్లీపింగ్ బ్యాగు శిక్షణ సంస్థ ఇస్తుంది. బూటు మాత్రం ఎవరి పాదం వారిదే. ఆరు, ఏడు వేల మీటర్ల శిఖరాలకు వాడే డబుల్ బూటులో బయటి గుల్ల, లోపల విడిగా ఊడి వచ్చే మెత్తని బూటు ఉంటాయి. మందపాటి మేజోళ్లు వేసుకున్న తర్వాత కూడా కాలివేళ్లు లోపల ఆడాలి. బిగుతుగా ఉంటే రక్తం అందదు, రక్తం అందని వేలును ఎంత ఖరీదైన బూటూ కాపాడలేదు. కాళ్లు ఉబ్బి ఉండే సాయంత్రం పూట కొలత చూసుకోండి. మన ఊళ్లో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు కనుక అన్నయ్యో బాబాయో అక్కడి నుంచి పంపుతానంటారు, సంతోషమే. అక్కడి 9 మన దుకాణాల్లోని 9 కాదని మాత్రం చెప్పండి. మగవారి బూట్లలో అమెరికా 9 అంటే మనం వాడే బ్రిటిష్ కొలతలో దాదాపు 8. ఈ లెక్క తప్పి వచ్చిన బూట్ల జత ఒకటి మా ఇంట్లో అటక మీద ఇప్పటికీ ఉంది. ఒక్క కొండా ఎక్కలేదు పాపం.

బూటు అడుగున బిగించుకునే ఇనుప ముళ్ల చట్రం, అదే క్రాంపాన్, బూటుకు సరిగ్గా కూర్చుంటుందో లేదో ఇంట్లోనే చూసుకోవాలి. నా మొదటి పెద్ద యాత్రలో బూట్లు ఒకచోట, క్రాంపాన్లు మరొకచోట అద్దెకు తీసుకున్నాను. రెండూ మంచివే. బేస్ క్యాంపుపైన హిమానీనదం అంచున మొదటిసారి జత కలిపితే, ముందువైపు కడ్డీ బూటు ముక్కుకున్న గాడిలో కూర్చోలేదు. నాలుగు అడుగులకోసారి ఊడిపోయింది. మిగిలినవారు పైకి వెళ్లారు, నేను టెంట్లకు కాపలా ఉన్నాను. అద్దెకిచ్చిన వారిని ఏమీ అనలేను. ఇంట్లో పది నిమిషాలు కేటాయించి ఉంటే తేలిపోయే పనిని అక్కడిదాకా మోసుకెళ్లినవాణ్ణి నేనే.

ఆ బూట్లనే రాత్రిపూట ఎక్కడ పెట్టాలో కూడా సర్దుకోవడంలో భాగమే. 1953 మే 29 తెల్లవారుజామున ఎవరెస్టు చివరి క్యాంపులో ఎడ్మండ్ హిల్లరీ లేచి చూస్తే అతని బూట్లు రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. స్టవ్ మంట మీద వాటిని మెత్తబరచడానికే రెండు గంటలు పట్టింది. అతనితో కలిసి ఎక్కిన టెన్జింగ్ తన బూట్లు విప్పకుండానే పడుకున్నాడు. ఆ రోజు వాతావరణం దయతలచింది కాబట్టి సరిపోయింది, అందరికీ రెండు గంటలు చేతిలో మిగిలి ఉండవు. లోపలి బూట్లను స్లీపింగ్ బ్యాగులోనే, కాళ్ల దగ్గర పెట్టుకుని పడుకోండి. అందుకోసమే స్లీపింగ్ బ్యాగు మీ ఎత్తుకంటే కాస్త పొడుగ్గా ఉండాలి. మర్నాటి మేజోళ్లు, హెడ్ టార్చి, ఫోను, సన్‌స్క్రీన్ గొట్టం కూడా అందులోకే చేరతాయి. సంసారమంతా అందులోనే.

స్లీపింగ్ బ్యాగు కొనేవారు దాని మీది అంకెలను జాగ్రత్తగా చదవండి. కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. అమ్మేవారు పెద్దగా చెప్పేది మూడోది. ఆ చలిలో నిద్ర పడుతుందని దాని అర్థం కాదు, కొన్ని గంటలపాటు ప్రాణం నిలుస్తుందని మాత్రమే. మీరు చూడాల్సింది మొదటి అంకె. కింద పరుచుకునే మ్యాట్ గురించి ఎవరూ అడగరు కానీ, పడుకున్నప్పుడు మన బరువుకు కింది నూగు నలిగిపోయి వెచ్చదనం ఇవ్వదు, నేల చలిని ఆపేది ఆ మ్యాట్ ఒక్కటే. గాలి నింపేది తీసుకున్నా, చిల్లు పడితే దిక్కుగా ఉండేలా దాని కింద ఒక మామూలు ఫోమ్ మ్యాట్ పెట్టుకోండి.

నీళ్ల సీసా వెడల్పు మూతిది, లీటరు పట్టేది, రెండు తీసుకోండి. గొట్టంతో పీల్చే సంచులు ఆ చలికి గొట్టంలోనే గడ్డకడతాయి. సాయంత్రం వంట టెంటులో వేడినీళ్లు నింపించుకుని, మేజోడులో దోపి, స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుంటే రాత్రికి కాళ్లు వెచ్చగా ఉంటాయి, తెల్లారితే తాగడానికి గడ్డకట్టని నీళ్లుంటాయి. నడిచేటప్పుడు సీసాను సంచిలో తలకిందులుగా పెట్టండి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కనుక మూత దగ్గర నీరే మిగులుతుంది. మూడో సీసా గురించి మొహమాటం లేకుండా చెబుతాను, పెద్దలు మన్నించాలి. రాత్రిపూట మూత్రానికి బయటికి వెళ్లడం ఆ గాలిలో, ఆ ఏటవాలులో ప్రమాదం. దానికని భయపడి నీళ్లు తాగకపోవడం అంతకంటే ప్రమాదం. అందుకు ఒక సీసా విడిగా పెట్టుకోండి, చీకట్లో చేత్తో తడిమినా తేడా తెలిసేలా దాని చుట్టూ మందపాటి రబ్బరు పట్టీలు వేయండి. ఆడపిల్లలకు అందుకు అనువైన చిన్న గరాటులు దొరుకుతాయి, వాటి వాడకం ఇంట్లోనే అలవాటు చేసుకోవాలి. శానిటరీ ప్యాడ్లు అవసరం లేదనిపించినా పెట్టుకోండి. ఎత్తుకు వెళ్లినప్పుడు నెలసరి తేదీలు తప్పడం మామూలే.

కళ్లకు వస్తే, మంచు మీద ఎండను తక్కువ అంచనా వేయకండి. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, అంటే ఎండ కింది నుంచి కూడా కాస్తుంది. నాలుగో కేటగిరీ, అంటే అన్నింటికంటే ముదురు రంగు నల్ల కళ్లద్దాలు, పక్కల నుంచి వెలుతురు రాకుండా మూసి ఉన్నవి, రెండు జతలు కావాలి. ఒక్క జతే ఉండి అది పోతే కళ్లు మండి, నీరు కారి, ఒకటి రెండు రోజులు చూపే ఉండదు, అప్పుడు మిమ్మల్ని ఇంకొకరు చేయి పట్టి దించాలి. సులోచనాలు వాడేవారు నంబరుతో చేయించుకోవాలి, దానికి వారాలు పడుతుంది కనుక రేపే వెళ్లండి. సన్‌స్క్రీన్ ముక్కు రంధ్రాల లోపలి అంచులకు, గడ్డం కిందికి కూడా రాసుకోవాలి.

నడుముకూ తొడలకూ బిగించుకునే పట్టీల హార్నెస్, హెల్మెట్, తాడుకు తగిలించుకునే లోహపు కొక్కేలైన క్యారబినర్లు, తాడు మీద పైకి ఎక్కడానికి వాడే జుమార్, దిగడానికి వాడే ఫిగర్ ఆఫ్ ఎయిట్, గట్టి పట్టీల స్లింగులు, మంచు గొడ్డలి అయిన ఐస్ యాక్స్ వంటివి ఎలా వాడాలో మీ శిక్షకులు నాకంటే బాగా నేర్పారు. సర్దేటప్పటి మాట ఒక్కటే చెబుతాను. హార్నెస్‌ను చొక్కా మీద కాదు, ఫెదర్ జాకెట్‌తో సహా అన్ని పొరల మీద బిగించి చూడండి. హెల్మెట్‌ను మంకీ క్యాప్ మీద పెట్టి పట్టీ కొలత సరిచేయండి. క్యారబినర్ మరను గ్లౌజులతో వంద సార్లు విప్పి బిగించండి. టీవీ చూస్తూ చేసుకోవచ్చు. మా అమ్మగారు జపమాల తిప్పే వేళకు నేను పక్కన కూర్చుని ఇది తిప్పేవాణ్ణి.

తిండి దగ్గరికి వస్తే, రోజూ తినేది యాత్ర నిర్వాహకులు వండిస్తారు. మీరు తీసుకెళ్లేది ఆకలి చచ్చిపోయిన రోజు గొంతు దిగేది. అమ్మలందరికీ సున్నుండలు గుర్తుకొస్తాయి, మినుములు, బెల్లం, నెయ్యి, అంతకంటే బలం ఎందులో ఉంది? నిజమే. కానీ ఆ చలిలో నెయ్యి బిగిసి సున్నుండ క్రికెట్ బంతి అవుతుంది. నా పన్ను ఒకటి దాని వల్లే కదిలింది. గోళీకాయంత సైజులో, నోట్లో వేసుకుని చప్పరించేలా చేయించండి. వేరుశనగ చిక్కీని ఇక్కడే ముక్కలు చేసి సంచిలో వేయండి. ఆవకాయ గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. బేస్ క్యాంపుదాకా అది అమృతమే, అక్కడి చప్పిడి పప్పులోకి అది లేకపోతే నేను ఉండలేను. ఆపైకి మాత్రం వద్దు. ఆ పొడి గాలికి గొంతు పుండులా ఉంటుంది, కారం తగిలితే దగ్గు ఆగదు. సీసాలో కాకుండా రెండు ప్లాస్టిక్ కవర్లలో ఒకదానిలో ఒకటి పెట్టి కట్టండి. నూనె కారిన ఫెదర్ జాకెట్‌లో నూగు ఉండకట్టి, ఇక వెచ్చదనం ఇవ్వదు.

మందులు డాక్టరు రాసినవే పెట్టుకోవాలి. ఎత్తు జబ్బుకు వాడే ఎసిటజోలమైడ్ చాలామంది చెవిన పడే ఉంటుంది, సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఏ మాత్ర దేనికో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పొట్లానికి అంటించండి. అక్కడ చిన్న అక్షరాలు చదివే ఓపిక ఉండదు. హెడ్ టార్చిలో ఒక బ్యాటరీని తిరగేసి పెట్టి సర్దండి. ఒకసారి నా టార్చి సంచిలో దేనికో ఒత్తుకుని పగలంతా వెలిగి, రాత్రి బయలుదేరే వేళకు కొడిగట్టింది. లిథియం బ్యాటరీలు చలికి తట్టుకుంటాయి, మామూలువి త్వరగా చచ్చుబడతాయి.

ఇక ప్రయాణం. మీకు రెండు సంచులుంటాయి. గుర్రాలమీదో పోర్టర్ల వీపుమీదో వెళ్లే పెద్ద కిట్ బ్యాగు ఒకటి, మీ వీపున ఉండే రక్‌శాక్ ఒకటి. విమానంలో దేశంలో సాధారణంగా 15 కిలోలు లగేజీగా, 7 కిలోలు చేతి సంచిగా ఒప్పుకుంటారు. ఐస్ యాక్స్, క్రాంపాన్లు, జుమార్ వంటివి కిట్ బ్యాగులోనే వెళ్లాలి, ముళ్లకు మందపాటి గుడ్డ చుట్టండి. పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి. గ్యాస్ డబ్బాలు విమానంలోకీ రైల్లోకీ వీల్లేదు, అవి అక్కడే కొంటారు. అమెరికా నుంచి వచ్చే కానుకల్లో సాటిలైట్ ఫోనో, సాటిలైట్ ద్వారా సందేశం పంపే పరికరమో ఉంటే ఇంట్లోనే వదిలేయండి. మన దేశంలో అనుమతి లేకుండా వాటిని వెంట ఉంచుకోవడం నేరం, విమానాశ్రయంలోనే ఆపేస్తారు.

డబుల్ బూట్లు మాత్రం కాళ్లకు వేసుకునే విమానం ఎక్కండి. గన్నవరంలో, మే నెలలో, ఆ బూట్లతో నడుస్తుంటే జనం చూస్తారు, తనిఖీ దగ్గర విప్పమంటారు, మేజోళ్లు తడిసిపోతాయి. అయినా సరే. కిట్ బ్యాగు ఒకవేళ దారి తప్పితే లేహ్ బజారులో జాకెట్ దొరుకుతుంది, గ్లౌజులు దొరుకుతాయి, మీ పాదానికి అలవాటుపడిన బూటు దొరకదు. ఒకసారి నా కిట్ బ్యాగు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. బూట్లు కాళ్లకే ఉన్నాయి కనుక మిగిలినవి అరువు తెచ్చుకుని నడవగలిగాను.

కిట్ బ్యాగు నీళ్లకు తట్టుకుంటుందని రాసి ఉన్నా నమ్మకండి. గుర్రం వాగులో దిగితే ఆ రాత వాగులో కలిసిపోతుంది. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి వేసి, బట్టలు అందులో పెట్టండి. వస్తువులను రంగురంగుల చిన్న సంచుల్లో విడదీసి, ఏ రంగులో ఏముందో యాత్ర పొడుగునా మార్చకండి. నాకు ఎర్రది చేతులకు, నీలం కాళ్లకు, పసుపు తిండికి. ఇరవై ఏళ్లుగా అదే. రక్‌శాక్‌లో బరువైనవి వెన్నుకు ఆనుకుని నడుముకూ భుజాలకూ మధ్య ఉండాలి, స్లీపింగ్ బ్యాగు అడుగున, విండ్‌ప్రూఫ్, ఫెదర్ జాకెట్ అన్నింటికంటే పైన. ఆ రోజు సాయంత్రందాకా అవసరం లేనిది కిందికి, అరగంటలో కావలసి రాగలది పైకి.

తూకం వేశాక సగం మంది దగ్గర ఐదారు కిలోలు ఎక్కువ తేలుతుంది. ఏం తీసేయాలి? రెండో జీన్స్ ప్యాంటు, పెద్ద తువ్వాలు, పుస్తకాలు, షాంపూ సీసా. తీయకూడనిది అదనపు గ్లౌజులు, అదనపు మేజోళ్లు, అదనపు కళ్లద్దాలు. బరువు తగ్గించాలని మనసు మొదట వీటి మీదికే పోతుంది, ఎందుకంటే ఇవి ఒకటి ఉండగా రెండోది అన్నట్టు కనిపిస్తాయి. తల్లిదండ్రులకు ఒక విన్నపం: పిల్లలు సర్ది జిప్పు వేశాక ప్రేమతో ఏదైనా లోపల దోపకండి. దేవుడి కుంకుమ పొట్లం ఇవ్వాలనుకుంటే వారి చేతికే ఇచ్చి, ఎక్కడ పెట్టుకుంటారో వారినే పెట్టుకోనివ్వండి. సంచిలో తనకు తెలియని వస్తువు ఒక్కటి ఉన్నా, వెతికేవాడికి సంచి మొత్తం మీద నమ్మకం పోతుంది.

నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం నుంచి బయలుదేరి 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కిన మల్లి మస్తాన్ బాబు మన తెలుగువాడే. పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మన తెలుగమ్మాయే. మంచు కనిపించని ఊళ్లలో పుట్టాం కనుక మనకు చేతకాదన్న అనుమానం మీలో ఎవరికైనా ఉంటే వారిద్దరూ దాన్ని తీర్చేశారు. అయితే మంచు ప్రాంతాల పిల్లలకు చిన్నప్పటి నుంచి ఉండే చేతి అలవాటు మనకు ఉండదు, దాన్ని మనం ఈ మిగిలిన రోజుల్లో పట్టుబట్టి తెచ్చుకోవాలి.

అందుకే మీ అందరినీ సర్దిన రక్‌శాక్‌లతో రమ్మన్నాను. ఇప్పుడు గ్లౌజులు, వాటిపైన మిట్టెన్లు వేసుకోండి. ఉక్కపోస్తుంది, తెలుసు. ఫ్యాన్లు, దీపాలు ఆర్పమని హాలు కుర్రవాడికి చెప్పాను, కర్టెన్లు కూడా మూస్తాడు. తల్లిదండ్రులు ఫోన్ల వెలుతురు చూపించవద్దు. దీపాలు ఆరిన తర్వాత నేను మూడు వస్తువుల పేర్లు చెబుతాను: ముందు హెడ్ టార్చి, తర్వాత అదనపు గ్లౌజులు, ఆ తర్వాత నీళ్ల సీసా. మిట్టెన్లు తీయకుండా, సంచిలోంచి ఇంకేదీ కింద పడకుండా వాటిని బయటికి తీయాలి. ఎవరికి ఎంతసేపు పట్టిందో రాసుకుని, ఇంటికెళ్లి సంచి మళ్లీ సర్దుకుని, వచ్చే ఆదివారం ఇదే వేళకు తిరిగి రండి. బాబూ, దీపాలు ఆర్పు.